హెడర్ మామ

హన్మకొండలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పి మా మామ రిటైరయ్యాడు. చెప్పడం మాత్రం రిటైరవలేదు. చుట్టాల్లో ఇలాంటి మాస్టారు ఒకరు లేని ఇల్లుంటే, వాళ్లు పుణ్యం చేసుకున్నారన్నమాట.

మొన్న సుబేదారిలో పెళ్లి. భోజనాల దగ్గర ఓ పిలగాడు, "తాతా, వాట్సాప్ మెసేజ్ ఎట్ల పోతది?" అని నోరుజారాడు. మామ శుభలేఖ వెనక్కి తిప్పి, పెన్ను తీసి అయిదు వరసలు గీశాడు. "ఒక్కో వరసకు 32 బిట్లు. అన్నీ కలిపితే 20 బైట్లు. ఇది మెసేజ్ మోసే ప్యాకెట్‌కు ముందుండే ఐపీ హెడర్. దీనికి తక్కువైతే రూటర్ అవతల పారేస్తది."

రెండో వరసలో మూడు ఫ్లాగ్ బిట్లు. మొదటిది ఎప్పుడూ సున్నాయే ఉండాలని 1981 నాటి ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 791 శాసనం. చెడ్డ ప్యాకెట్లన్నీ బుద్ధిగా దాన్ని 1 చేసుకుని రావాలని 2003 ఏప్రిల్ 1న స్టీవ్ బెల్లోవిన్ సరదాకి ఇంకో ఆర్‌ఎఫ్‌సీ రాశాడు. ఈ జోకంటే మామకు ప్రాణం. చెప్తాడు, ఒక్కడే నవ్వుతాడు.

"బొమ్మలు సాలుగని, బగారన్నం సల్లారవట్టె, తినుండ్రి" అంది అత్త.

వింటాడా! మూడో వరసలో టీటీఎల్. "64తోని బయలెల్లితే, దాటిన రూటరల్లా ఒకటి తగ్గిస్తది. సున్నా అయిందా, ప్యాకెట్ ఖతం." మా చుట్టాల్లో తిరిగే ముచ్చట్లకు ఈ ఏర్పాటు లేకపోయెనే అని నాక్కూడా ఉంది. అదే వరసలో చెక్‌సమ్. అది హెడర్‌ను మాత్రమే సరిచూస్తుంది. లోపలి సరుకు ఏమైపోయినా దానికి పట్టదు. నాలుగులో పంపినోడి అడ్రసు, అయిదులో అందుకునేవాడిది. అప్పటికి పిలగాడు ఐస్‌క్రీం దగ్గరున్నాడు.

ఐపీ కొత్త వెర్షన్ ఐపీవీ6 పేరెత్తితే మామకు మంట. "చెక్‌సమ్ తీసేసిండ్రు. 12 గడులుంటే 8 చేసిండ్రు. ఇగ క్లాసుల ఏం చెప్పాలె?"

ఆయన ఫోను కూడా పాత పద్ధతే. "అల్లుడా, నేను మామను. హన్మకొండ నుంచి. బండి మీదున్నవా? ఇంట్లున్నవా? పక్కకు ఎవరన్న ఉన్నరా? నా మాట ఇనవడుతుందా?" ఎంత పనిలో ఉన్నా ఈ ఫోను ఎత్తకుండా ఉండలేను. అన్నిటికీ జవాబిచ్చి, "చెప్పు మామా" అంటాను.

"ఏం లేదురా, ఊకెనే చేసిన. లోపల ఏం లేకున్నా 20 బైట్లుంటే ప్యాకెట్టే గద!"