టైర్లు వేడెక్కలేదు

మా బావకి కారు లేదు. స్టీరింగుంది.

అది డైనింగు టేబులుకు బిగించి ఉంటుంది. టేబులుకి ఆ వైపు మేం కూర్చుని పులుసన్నం తింటూంటే, ఈ వైపు బావ జర్మనీలో ఉంటాడు. న్యూర్‌బర్గ్‌రింగ్ పాత ట్రాకు, చుట్టుకు 20.8 కిలోమీటర్లు. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగులోని మోటారు గుంజుతుంది, పులుసు గిన్నె నా వైపు జరుగుతుంది.

ఇలాంటివాడు ఉక్కునగరంలో సెక్టారుకొకడైనా ఉంటాడు. పగలు ప్లాంటులో అకౌంట్సు. స్కూటరు మీద ముప్పై దాటడు. కూర్మన్నపాలెం జంక్షన్లో పెద్ద ట్రైలరు కనిపిస్తే బండి పక్కకి తీసి, అది కనుమరుగయ్యేదాకా కదలడు. రాత్రయితే పోర్షే. "ఆటే కదా బావా" అన్నామో, అయిపోయాం. ఆట అనకూడదు, సిమ్ అనాలి, అంటే సిమ్యులేటరు. ఆటలో కార్లు ఎగురుతాయి, సిమ్‌లో కారుకి బరువుంటుంది.

ఈ బరువు సిద్ధాంతం వినకుండా ఆ ఇంట్లోంచి చుట్టమెవరూ బయటపడలేదు. ఒకసారి మా అక్కకి చెబుతున్నాడు.

"బిందెడు నీళ్లు పట్టుకుని నడుస్తూ ఠక్కున ఆగావనుకో, ఏమవుద్ది?"

"చీర తడుస్తాది."

"అదే! నీళ్లు ముందుకొస్తాయి. కారూ అంతే. బ్రేకు తొక్కితే బరువు ముందు టైర్ల మీద పడి, అవి రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టుండగానే మెల్లమెల్లగా బ్రేకు వదుల్తూ మలుపులోకి తిప్పాలి."

నిజం చెప్పొద్దూ, ఇది విన్న దగ్గర్నుంచీ సింహాచలం కొండ దిగేటప్పుడు నేను దేవుణ్ణి మానేసి బస్సు డ్రైవరు కాలి వైపు చూస్తున్నాను. బావ ఆడేది గ్రాన్ టురిస్మో. 1997లో కజునోరి యమౌచి మొదటిది తెచ్చినప్పట్నుంచీ ఆ ఆట గొప్పతనం ఇదే. మన వీధిలో తిరిగే కారునైనా దాని బరువుతోనే పరుగెత్తిస్తుంది. బావ అందులో ముందుగా కొన్నది సుజుకి స్విఫ్టే. రేసులో పెట్రోలు తరుగుతుందని తెలిశాక గేర్లు త్వరత్వరగా మార్చి మైలేజీ చూసుకోవడం మొదలెట్టాడు. అందరికన్నా ఆఖర్న వస్తాడు, సగం ట్యాంకు మిగుల్చుకుని.

అందులో లైసెన్సు పరీక్షలు కూడా ఉన్నాయి. నిజం లైసెన్సుకి ఎనిమిది అంకె ఒక్కసారి తిప్పితే సరిపోయింది. ఇక్కడ ఒకే ఒక్క మలుపులో బంగారు పతకం కోసం సంక్రాంతి సెలవులన్నీ ధారపోసి, కంచు తెచ్చుకున్నాడు. కారణం అడిగితే ఎప్పుడూ ఒకటే: టైర్లు వేడెక్కలేదు.

అసలు కారణం కుర్చీ. చక్రాల కుర్చీ. బ్రేకు పెడలు బిరుసు, బలంగా తొక్కితే కారు ఆగదు గానీ కుర్చీ వెనక్కి వంటింట్లోకి పోతుంది. అందుకని వెనక సోనామసూరి బస్తా అడ్డం పెట్టాడు. నెల మొదట్లో బావ బ్రేకింగు అద్భుతంగా ఉంటుంది. ఇరవయ్యో తారీఖు దాటాక బస్తా తగ్గుతుంది, లాప్ టైము పెరుగుతుంది. అక్క చుట్టాల్ని భోజనానికి పిలిస్తే మొహం మాడ్చుకునేది అందుకే.

ఇంకో బాధ, ఒక్కడే కూర్చుని ఆడుకున్నా చాలావరకు నెట్టుండాల్సిందే. 2022 మార్చిలో ఒక అప్‌డేటు వికటించి గ్రాన్ టురిస్మో 7 ప్రపంచమంతటా ఒక రోజుకు పైగా మూతపడింది. ఆ ఒక్క రోజూ బావ ఇంట్లోవాళ్లతో మాట్లాడాడని అక్క ఇప్పటికీ చెప్పుకుంటుంది.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగితే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి కళ్లారా చూసొచ్చి, "రియలిస్టిగ్గా లేదురా" అన్నాడు. ఎలక్ట్రిక్ కార్లు గర్జించలేదట.

అక్క విసుక్కుంటే ఒక పేరు తీస్తాడు: జాన్ మార్డెన్‌బరో. 2011లో ఈ ఆటలో పోటీ గెలిచి నిజం రేసు కారెక్కాడు.

"అప్పటికి ఆ కుర్రాడికెన్నేళ్లు?"

"పందొమ్మిది."

"మీకేటి, యాభై నిండలేదా?"

బావ టైర్లు చూసుకున్నాడు.

మొన్న కింద క్వార్టరాయన తలుపు కొట్టాడు. స్టీల్ మెల్టింగ్ షాపులో క్రేను ఆపరేటరు. రాత్రి సీ షిఫ్టు చేసొచ్చి పడుకుంటే నెత్తి మీద టేబులు గడగడలాడుతోందట. బావ క్షమాపణ చెప్పి, అలవాటు కొద్దీ బిందె కథ మొదలెట్టాడు. ఆయన నిద్రకళ్లతో అంతా విని, "మరైతే ఓపాలి నన్ను చూడనివ్వండి సార్" అని కూర్చున్నాడు. అదే మలుపు. మొదటిసారి గడ్డిలోకి పోయాడు. రెండోసారి దాటాడు. మూడోసారి వెండి పతకం. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని తొణక్కుండా రోజూ జరిపే చేతులవి. పులుసు గిన్నె ఉన్నచోటే ఉంది.

ఆయన ఆవలించుకుంటూ కిందికి దిగిపోయాడు. బావ చాలాసేపు తెర వైపే చూసి, నా వైపు తిరిగి అన్నాడు:

"టైర్లు నేను వేడెక్కించి పెట్టాను కదురా."