మూడు నెలలాగి రండి

ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు చాలామందికి నొప్పీ వాపూ లేకుండానే ముదిరిపోతుంది. షుగరు, బీపీ లేనివాళ్లనీ వదలదు. రక్తంలో క్రియాటినిన్ చూసి పట్టుకోవాలి. అదీ ఒక్కసారి చూస్తే చాలదు. మూడు నెలలు దాటినా దిగకపోతేనే దీర్ఘకాలిక జబ్బని నిర్ధారిస్తారు. అందుకే ఇక్కడ పాత రిపోర్టు చేతిలో ఉంటే సగం వైద్యం అయినట్టే.

2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. ఎక్కడ పరీక్ష చేయించుకున్నా రిపోర్టులన్నీ ఒకచోట కనపడేందుకు మనిషికో 14 అంకెల ఆభా నంబరు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ నంబరున్నంత మాత్రాన రిపోర్టు దానంతటది రాదు. పరీక్ష చేసినచోటే దాన్ని నంబరుకు జతచేయాలి, అవతలి కంప్యూటరుకు అర్థమయ్యేలా ఎక్కించాలి.

వజ్రపుకొత్తూరు వైపు ఒక వైద్య శిబిరం. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడిన ఒకామె కుర్రడాక్టరు ముందు కూర్చుంది. ఆభా నంబరు కొట్టి చూశాడు. పాతవేమీ లేవు.

"క్రియాటినిన్ 2.4 ఉందమ్మా. ఇదే మొదటిసారి కాబట్టి మూడు నెలలాగి మళ్లీ చేద్దాం" అని చీటీ రాసిచ్చాడు.

ఆమె లేవలేదు. సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టింది. టెక్కలిలో 1.6. సోంపేటలో 1.9. విశాఖలో 2.2. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక. ఒకరు ‘సీరం క్రియాటినిన్’ అని కొడితే ఇంకొకరు ‘ఎస్. క్రియాట్’ అని కొట్టారు. మూడోచోట కాగితానికి ఫోటో తీసి దాచారు తప్ప అంకెను అంకెగా ఎక్కించలేదు. ఒకచోటి సంగతి ఇంకోచోటికి చేరనే లేదు. ఎవరికి వారికి అదే మొదటి పరీక్ష. అందరూ కిందన రాసింది ఒకటే: మూడు నెలల తర్వాత రావాలి.

డాక్టరు కళ్లు అంకెల మీదే ఉన్నాయి.

"వరసగా పెరుగుతూనే వచ్చింది కదమ్మా! ఇవన్నీ ఒకచోట కనపడి ఉంటే అప్పుడే నొప్పి బిళ్లలు మానిపించి మందులు మొదలెట్టేవాళ్లు. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?"

"అయి నావి కావు బావూ. మా ఇంటాయనవి. ఎక్కడికెళ్లినా మీలాగే మూణ్ణెల్లాగి రమ్మన్నారు. ఆ తరవాత చూపించీసరికి డయాలసిస్ అన్నారు. సంకురాత్రికి ముందే పోనాడు. నాది ఇందాక మీరు రాసిచ్చిన కాయితమొక్కటే."