పవర్ కట్‌కు శాలువా కప్పండి

కంపెనీ మెయిల్ ఎంత పదిలంగా ఉందో తెలుసుకోవాలంటే సర్వర్ రూముకు పోనక్కర్లేదు, పవర్‌పాయింట్ చూస్తే చాలు. హైదరాబాద్ పేరుతో ఒక డబ్బా, విశాఖ పేరుతో ఇంకో డబ్బా, మధ్యలో రెండు మొనల బాణం. ఆ బాణానికి ఎంతయిందని అడిగే డైరెక్టర్లున్నారు. దాన్ని ఒక్కసారైనా తిప్పి చూశారా అని అడిగేవాడు ఇంకా పుట్టలేదు.

'రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ తీసుకున్నాం సార్, ఒకటి పోతే ఇంకొకటి' అంటారు ఐటీ మేనేజర్‌గారు. బిల్లులు రెండు, కాంట్రాక్టులు రెండు. గేటు బయట గొయ్యి మాత్రం ఒకటే. డ్రైనేజీ పనికొచ్చిన జేసీబీ డ్రైవరు కాంట్రాక్టులు చదవడు. ఒక్క బకెట్ దించి ఇద్దరికీ సమన్యాయం చేస్తాడు.

ఉత్తరం ఏ సర్వరుకు పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులూ రెండే. 10 నంబరుది పలక్కపోతే ఉత్తరం 20 నంబరుదానికి పోవాలి. ఆ 20 కూడా అదే ర్యాకులో, అదే ప్లగ్గుకు! ఉత్తరాలు మోసే, 1981లో పుట్టిన ఎస్‌ఎంటీపీ మాత్రం నాలుగైదు రోజులు ఓపిగ్గా తలుపు తడుతూనే ఉంటుంది. మన బడ్జెట్ కమిటీ కంటే దానికే ముందుచూపు.

అన్నిటికన్నా నాకు నచ్చింది విశాఖ సర్వరు నిజాయితీ. మెయిల్ నడిపే ఎక్స్‌చేంజ్ క్లస్టరులో సర్వర్లు రెండే ఉంటే, పెత్తనం ఎవరిదో తేల్చడానికి మూడో ఓటు కావాలి. దాని పేరు విట్‌నెస్. రెండు ఆఫీసులకూ చెందని మూడో చోట ఉండాల్సినది. మనవాళ్లు హెడ్డాఫీసులోనే పెడతారు, ఏసీ బాగుంటుందని. హైదరాబాద్ పడిపోగానే విశాఖ లెక్క చూసుకుంటుంది: మూడింట ఒక్క ఓటు. ఒంట్లో ఏ జబ్బూ లేదు, డిస్కుల నిండా ఉత్తరాలున్నాయి. అయినా మెజారిటీ లేదని దిగిపోతుంది. అసెంబ్లీల్లో అంతరించిన విలువలు మెయిల్ సర్వర్లలో మిగిలాయన్నమాట.

ఇక రెండు చోట్లా ఉంచే నకళ్లు. ఇక్కడ చెరిగింది అక్కడా చెరుగుతుంది, అంత విశ్వాసం వాటికి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వైరస్ మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ మీద పడింది. లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్లు దాదాపు 150, ఒకదానికొకటి నకలు. ఒకటి పోతే తక్కినవి ఉన్నాయన్న ధీమా. అన్నీ కలిసే పోయాయి. ఘనాలో ఒక్కటి బతికింది, ఆ సమయానికి అక్కడ కరెంటు లేదు కనుక! పునరుద్ధరణ జరుగుతున్న బ్రిటన్‌కు డేటా పంపడానికి లైను చాలక, ఘనా ఉద్యోగులకు ఆ దేశపు వీసా లేక, ఒకాయన డిస్కు పట్టుకుని నైజీరియా విమానాశ్రయం దాకా వెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టాడు. నిపుణుల కమిటీలు చేయలేనిది చేసిన ఆ పవర్ కట్‌కు ఇంతవరకూ ఎవరూ శాలువా కప్పలేదు.

మనకా అదృష్టం కూడా దక్కకూడదని మేనేజ్‌మెంటు పట్టుదల. ప్రతి ఆఫీసుకూ యూపీఎస్, తోడుగా డీజిల్ జనరేటరు. ఆఫ్‌లైన్ బ్యాకప్ కావాలన్న ఇండెంటు మాత్రం మూడో ఆర్థిక సంవత్సరం కూడా ఫైనాన్సువారి బల్ల మీదే ఉంది. కొత్త జనరేటరుకు ఏ రంగు వేయాలో తేలాక చూస్తారట.