కరెంటు బిల్లుకు టీకా తాత్పర్యం

అవతారిక

మే నెల మిట్టమధ్యాహ్నం. రీడింగు తీసే కుర్రాడు మిషన్‌లోంచి చీటీ చింపి, గేటు సందులో గుచ్చి వెళ్ళిపోయాడు. జానెడు కాగితం. అక్షరాలు చీమల బారు, కింద మొత్తం మాత్రం ఏనుగంత. ఇంతటి ప్రౌఢ గ్రంథానికి ఇంతవరకు వ్యాఖ్యానం లేకపోవడం మన పండితుల లోపం. వ్యాఖ్యకు మూలం ఉండాలి గనక, బిల్లు సారాన్ని ముందుగా ఒక ఆటవెలదిలోకి కుదించాను.

మూలం

నెలకు రెండు వంద నిక్కము దాటని
యింట నొక్క యూనిటెక్కువైన
వెనుకనున్న వాటి వెలయెల్ల పెరుగును
స్లాబు మహిమ గాంచు సార్వభౌమ

ప్రతిపదార్థం

సార్వభౌమ = ఇంటి యజమానివైన ఓ వినియోగదారుడా! (ఫ్యాను రెగ్యులేటరు మీద కూడా అధికారం లేనివాడని వ్యంగ్యం); నెలకు = ఒక మాసమునకు; రెండు వంద = రెండు వందల యూనిట్లను; నిక్కము = నిజముగా; దాటని = మించని; ఇంటన్ = గృహమునందు; ఒక్క యూనిటు = వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు కాలితే ఖర్చయ్యేంత కరెంటు; ఎక్కువైనన్ = హెచ్చినచో; వెనుకనున్న వాటి = అప్పటికే కాలి బూడిదైన యూనిట్ల యొక్క; వెల ఎల్ల = ధర యావత్తు; పెరుగును = హెచ్చును; స్లాబు మహిమన్ = స్లాబు యొక్క మాహాత్మ్యమును; కాంచు = చూడుము.

విశేషాలు

'వందలు' అనవలసిన చోట 'వంద' అనడం ఛందస్సు కోసం ఇచ్చిన రాయితీ. ఈ వ్యవహారం మొత్తంలో కనిపించే రాయితీ ఇదొక్కటే. 'నిక్కము' పాదపూరణం. అర్థం అడగకూడదు. బిల్లులో కస్టమర్ ఛార్జీ అనే పదమూ ఈ జాతిదే.

అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉండటం దాని లక్షణం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరలు ఇందుకు లక్ష్యం. నెలకు 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకు 4.80. వెరసి 820. ఇంకొక్క యూనిట్ కాలిందా, మొదటి 200 యూనిట్లూ 5.10 ధరకు ఎగబాకుతాయి, ఆ కొత్త యూనిట్‌కు 7.70. వెరసి 1027.70. అంటే మిగతా ఛార్జీలు పక్కన పెడితే, రెండు వందల ఒకటో యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. తప్పు చేసింది అదొక్కటే, శిక్ష మాత్రం ముందున్న రెండు వందలకూ. గృహజ్యోతి పథకం లబ్ధిదారులకు ఈ గీత మరీ పదును: 2024 మార్చి నుంచి 200 దాకా సున్నా బిల్లు, దాటితే మొత్తం బిల్లు.

కృష్ణ దాటితే వ్యాకరణం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం వాడకాన్ని బట్టి చేసిన గ్రూపులను 2022లో తీసేశారు గనక పై స్లాబులోకి వెళ్ళినా కింది యూనిట్ల ధర కదలదు. అయితే అక్కడ ట్రూఅప్ అనే సర్దుబాటు ఛార్జీ ఉంది. ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు కట్టడం. దీనికి పూర్వజన్మ కర్మ తప్ప వేరే వ్యాఖ్య లేదు.

పాఠాంతర విచారం

మూలంలో లేనిదేదీ రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. బిల్లు మిషన్ అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదు. మా బిల్లులో గత రీడింగు 4587, ఇప్పటి రీడింగు 4788, వాడకం 201. ఆ సాయంత్రం ఎందుకో అనుమానం వచ్చి స్టూలేసుకుని మీటరు చూశాను. 4786! మధ్యాహ్నం చదివిన అంకె కంటే సాయంత్రం అంకె తక్కువ. అంటే మా బిల్లు భవిష్య పురాణం.

మీటరు మూల ప్రతి, బిల్లు లేఖకుడు రాసిన నకలు. రెండిటికీ తేడా వస్తే మూలానిదే ప్రామాణ్యం. ఆ మీటరు పాతది, కంటితో చూసి మిషన్‌లో నొక్కాల్సిందే. దాని అంకెల్లో మూడుకు ఎడమవైపు రెండు గీతలు చేరిస్తే ఎనిమిది. ఎండ పడుతున్న అద్దం మీద ఆ రెండు గీతలూ ఉన్నట్టే కనిపిస్తాయి. కాబట్టి 4783 అనేది శుద్ధ పాఠం. వాడకం 196, ధర 800.80.

పూర్వపక్షం, సిద్ధాంతం

కరెంటు ఆఫీసు కౌంటర్లో ఉన్నాయన చీటీ చూశాడు. "ఎండాకాలం కదా సార్, ఏసీ వేసుంటారు." ఏసీ లేదన్నాను. "అయితే ఫ్రిజ్ పాతదయ్యుంటుంది." ఫోన్లో మీటరు ఫోటో చూపించాను. ఆయన గట్టి తార్కికుడు. "అయిదు యూనిట్లే కదా సార్. మీటరెక్కడికి పోతుంది? వచ్చే నెల అవే తగ్గుతాయి."

ఈ పూర్వపక్షం బలమైనది. దీనికి లొంగి ఇంటికెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. సిద్ధాంతం ఏమంటే, యూనిట్లు తిరిగొస్తాయి, స్లాబు తిరిగిరాదు. వచ్చే నెల తగ్గే అయిదు యూనిట్ల విలువ 4.80 చొప్పున 24 రూపాయలు. ఈ నెల వాటి మూలంగా పెరిగింది 226 రూపాయల 90 పైసలు. ఆయన కాలిక్యులేటర్ రెండుసార్లు నొక్కి, "కంప్లైంట్ రాసివ్వండి సార్" అన్నాడు.

ధర్మశాస్త్ర సమన్వయం

రాసివ్వడం అంటే రసీదు తీసుకోవడం అని అర్థం. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన అంబుడ్స్‌మన్. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఈ రెండిటినీ ఇచ్చింది. 56వ సెక్షన్ ప్రకారం బకాయికి కరెంటు తీసేయాలంటే 15 రోజుల ముందు నోటీసివ్వాలి. వివాదం తేలేలోగా, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు చొప్పున వచ్చే మొత్తమో, ఏది తక్కువైతే అది, అభ్యంతరం తెలుపుతూ కడితే తీసేయకూడదు.

తాత్పర్యం

ఓ గృహస్థా! బిల్లుతో పోట్లాడేముందు మీటరు చదువు. బిల్లు వచ్చిన రోజే చదువు, ఫోటో తీసి పెట్టుకో. వారం తర్వాత చూస్తే మీటరు బిల్లును దాటిపోతుంది, పాఠాంతరం సమసిపోతుంది, సాక్ష్యమూ పోతుంది.

ఉపసంహారం

దిద్దిన బిల్లు పదకొండో రోజున వచ్చింది. మరుసటి నెల కుర్రాడు రాగానే నేనూ గేటు దగ్గరికి నడిచాను. అతను మీటరు వైపు కళ్ళు చికిలించి, "చివరిది మూడా, ఎనిమిదా సార్?" అన్నాడు. ఇద్దరం అరచేతులు అడ్డం పెట్టి అద్దానికి నీడ పట్టాం. ఈసారి నిజంగానే ఎనిమిది.