మేలో పూలెక్కడివి?

పిల్లలకు సెలవులు మేలో. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ జాతీయ ఉద్యానం తలుపులు తీసేదేమో జూన్ 1న; అక్టోబరు 31తో మళ్లీ మూత. ఇంటి పెద్ద మాత్రం మే రెండో వారానికి విమానం టికెట్లు కొని, హోటల్‌కు డబ్బు కట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా ‘ఇంతకీ పూలెప్పుడు పూస్తాయి?’ అని ఆరా తీస్తాడు.

విరగబూసేది జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా. సరిగ్గా అప్పుడే వానలు, విరిగిపడే కొండచరియలు, బద్రీనాథ్ దారిలో బారులు తీరిన బండ్లు. 1931లో కామెట్ శిఖరమెక్కి తిరిగొస్తూ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం దారి తప్పి ఈ లోయలో దిగిందట. ప్లాను లేనివాళ్లకు పూలు దక్కాయి. ఎక్సెల్ షీటు వేసుకున్నవాళ్లకు బద్రీనాథ్ దారిలోని గోవింద్‌ఘాట్‌లో రెయిన్‌కోటు దక్కుతోంది.

లోయలో రాత్రి బస నిషేధం. కింద ఘంగారియా అనే ఊళ్లో పడుకుని, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికల్లా దిగిరావాలి. ఆ ఘంగారియాకూ కారు పోదు; పులనా దాటాక సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు. మోకాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చర్చ ఇంకా ఆవకాయ ఎన్ని సీసాలన్న దగ్గరే ఉంది.