ద్విగుణవేగ పద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

పాత యంత్రమందు నూతనస్థాపన
చేసి వీడియోను దూసిపోవ
రెండు రెట్లు నడుప మొండికేసిన దది
యెవరి నేరమనుచు నెంచవలయు

అవతారిక

ఈ ఆటవెలదిలో కవి ప్రశ్న వేసి జవాబు చెప్పక తప్పుకొనెను గనుక ఆ భారము టీకాకారుని నెత్తిన పడినది. వ్యాకరణముతో మాత్రమే పద్యమును విప్పబూనినవారికి ఇందు చిక్కేమియు కనబడదు. కంప్యూటరు లోపలి వ్యవహారము తెలిసినవారికి మాత్రము యంత్రము, దానిలో కొత్త సాఫ్టువేరు నెక్కించినవాడు, తొందరపడి చూచువాడు అను ముగ్గురు ముద్దాయిలును, వారి చాటున మరియొకడును కనబడుదురు.

టీక

పాత యంత్రమందు: ఇచట పాత యనగా అరిగిపోయినదని అర్థము కాదు, కొత్త సాఫ్టువేరు చేయువారు ఇక లెక్కింపబోమని చెప్పినదని అర్థము. 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11, రహస్య తాళపుచెవులను భద్రపరచు టీపీఎం 2.0 అను భాగమును, ఇంటెల్ వారివైనచో 2017లో వచ్చిన ఎనిమిదవ తరపు ప్రాసెసరునో అంతకు తరువాతిదానినో సాధారణముగా కోరును. కావున ఏడవ తరపు ల్యాప్‌టాపు ఎంత చక్కగా పనిచేయుచున్నను ఈ పద్యమున పాతదే యగును. విండోస్ 10కు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగియుటచే ఇట్టి పాతవాటి సంఖ్య ఒక్కనాటిలో పెరిగినదనుట అతిశయోక్తి కాదు.

నూతనస్థాపన చేసి: స్థాపన యనగా ఇన్‌స్టాల్ చేయుట. రూఫస్ వంటి పనిముట్టుతో పెన్‌డ్రైవును సిద్ధము చేసికొన్నచో టీపీఎం ఉన్నదా, ప్రాసెసరు ఏ తరమునది అను తనిఖీని దాటవేయవచ్చును. అయితే తనిఖీని దాటుట వేరు, అవసరమును దాటుట వేరు. 2024లో వచ్చిన 24హెచ్2 అను విండోస్ 11 రూపము, ఒక సంఖ్యను బైనరీలో వ్రాసినచో ఎన్ని ఒకట్లుండునో లెక్కించు పాప్‌కౌంట్ అను ఆజ్ఞ ప్రాసెసరులోనే ఉండవలెనని పట్టుబట్టును. ఆ ఆజ్ఞ నెరుగని కోర్ 2 డ్యుయో కంప్యూటరు ఎంత బుజ్జగించినను దానితో లేవనే లేవదు. పోనీ విండోస్ 7నే పట్టుకొని యుందమన్నచో క్రోమ్ బ్రౌజరు అచట 109వ సంచికతో ఆగిపోయినది. తేలికపాటి లినక్స్ మింట్ వంటిదానిని ఎక్కించుట నిక్కమైన మార్గమే గాని, అది నేర్చుకొను ఓపిక ఉన్నవాడు వీడియోను రెండు రెట్లు నడుపునా యను సందేహము టీకాకారునికి కలదు.

వీడియోను దూసిపోవ రెండు రెట్లు నడుప: యూట్యూబులో చక్రపు గుర్తును నొక్కి వేగమును ఎంచుకొనవచ్చును; షిఫ్ట్ మీటతో కలిపి > గుర్తును నొక్కినను వేగము పావు వంతు చొప్పున పెరుగును. వీఎల్‌సీలో ] మీట ఇంకను సన్నని మెట్లలో ఆ పనియే చేయును. టేపురికార్డరు నాడు రెట్టింపు వేగమనగా మధ్యస్థాయి షడ్జము తారస్థాయి షడ్జముగా మారి, గంభీరోపన్యాసకుడు కీచుగొంతుతో పలుకుట. నేటి బ్రౌజరు ధ్వనిని సెకనులో వందవ వంతుల లెక్కన చిన్న ముక్కలుగా కోసి, కొన్నిటిని విడిచి, మిగిలిన వాటి అంచులను ఒకదానిపై నొకటి పరచి అతుకును గనుక శ్రుతి మారక వేగమే మారును. చెవిని మోసగించు ఈ పని ప్రాసెసరుకు పెద్ద బరువు కాదు, బరువంతయు బొమ్మదే.

మొండికేసిన దది: అది యనగా యంత్రము. సెకనుకు 30 ఫ్రేములు, అనగా 30 నిశ్చల చిత్రములు గల వీడియోలో ఒక్కొక్క చిత్రమును విప్పుటకు ప్రాసెసరుకు దొరకు గడువు సుమారు 33 మిల్లీసెకనులు. వేగము రెట్టింపైనచో ఆ గడువు 17కు కుంచించుకొనిపోవును. చిత్రమునకు 20 మిల్లీసెకనులు పట్టు యంత్రము మొదటిదానిలో సుఖముగా నెగ్గి, రెండవదానిలో ఓడితీరును. కొన్ని చిత్రములను విప్పకయే వదలివేయరాదా యని పూర్వపక్షము. రాదు, ఏలయనగా వీడియోలోని చాలా చిత్రములు పూర్ణరూపమున ఉండక, ఇరుగుపొరుగు చిత్రముతో గల తేడా మాత్రముగా వ్రాయబడియుండును. నడుమ నొకటి విప్పనిచో దానిపై నానుకొన్న తరువాతిది ముద్దయైపోవును. అందుచే తెరపై చూపనిదానిని సైతము తరచు విప్పవలసినదే. ఇంతలో మాట ముందుకు సాగిపోవును, బొమ్మ గెంతులు వేయుచు దాని వెంటబడును.

తాత్పర్యము

యంత్రమును దోషి యనుట అన్యాయము; తన చేతనైనదంతయు అది చేసినది. ఎక్కించినవాడును తొందరపాటువాడును అమాయకులే, వారికి ఈ లెక్క ఎవరును చెప్పలేదు. అసలు దోషి నూతనస్థాపనతో వచ్చిన బ్రౌజరు. వీడియోను కుదించి వ్రాయు పద్ధతులు పలు కలవు: 2003 నాటి హెచ్.264, 2013 నాటి వీపీ9, 2018 నాటి ఏవీ1. హెచ్.264ను విప్పు ప్రత్యేక భాగము 2011 నాటి ఇంటెల్ రెండవ తరపు ప్రాసెసరులోనే యున్నది. వీపీ9కు పూర్తిగా ఏడవ తరమునను, ఏవీ1కు పదునొకండవ తరమునను గాని అట్టిది రాలేదు. అయినను కొత్త బ్రౌజరు తనకు అన్నియు చదువవచ్చునని వెబ్‌సైటుతో చెప్పును, వెబ్‌సైటు దానిని నమ్మి కొత్త పద్ధతిలోని వీడియోను పంపును, ప్రత్యేక భాగము లేని పాత ప్రాసెసరు ఆ చాకిరి యంతయు ఒంటిగా మోయును. యంత్రము నడుగకయే దాని తరఫున పూచీపడినవానిదే నేరమని సిద్ధాంతము. హెచ్.264నే కోరునట్లు బ్రౌజరును కట్టడిచేయు ఎక్స్‌టెన్షన్లు కలవు. ఫైర్‌ఫాక్స్ రహస్య సెట్టింగులలో ఏవీ1ను మాన్పవచ్చును. అవేవియు చేతకానిచో బొమ్మ నాణ్యతను 480పీకి దింపుటయే శరణ్యము.

పాఠాంతరము: "రెండు రెట్లు" అనుచోట "ఒకటిన్నర రెట్లు" అని దిద్దవచ్చును. గడువు 22 మిల్లీసెకనులగును. గణములు చెడును గాని బొమ్మ ఆగదు.