క్లబ్బు పాలైన లుంగీ

అయ్యా, నేను అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లోనే పుట్టి, ఇక్కడే ముసలితనానికి చేరువవుతున్న గృహస్థుణ్ణి. మా నాన్న సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఉండిపోయాడు. నా మీద పన్ను బకాయి లేదు, పోలీసు కేసు లేదు. ఆదివారం పొద్దున చేపలకెళ్లేటప్పుడు కట్టుకోడానికి ఒక నీలం లుంగీ ఉండేది. ‘ఉండేది’ అన్న మాట గమనించ ప్రార్థన. ఫిర్యాదంతా అందులోనే ఉంది.

మా వీధి కుర్రాళ్లకి ఓ ఫుట్‌బాల్ క్లబ్బుంది. మీసాలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్న వయసు. కార్యదర్శి మా రెండోవాడు, ఆఫీసు మా వరండా, ఖజానా నా చొక్కా జేబు. నిరుటి దాకా ఎవరి బనీను వాళ్లు తొడుక్కుని ఆడేవారు. ఒక మ్యాచిలో మావాడు బంతిని ఎంతో ప్రేమగా అవతలి జట్టువాడికి అందించాడు, చొక్కా రంగు ఒకటేనని. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, “నాన్నా, మనకి బ్రాండ్ ఐడెంటిటీ లేదు” అన్నాడు. పప్పులో ఉప్పు లేదన్నంత బాధగా.

బ్రాండంటే మొదట్లో పశువులకి కాల్చి పెట్టే వాతేనట. వాత పశువుకే కాదు, దొడ్డి యజమానికీ పడుతుందని నాకప్పుడు తెలీదు.

మొదటి సమావేశం పేరు గురించి. పేరెలాగూ ఉంది, దాన్ని ఏ లిపిలో రాయాలన్నదే తగువు. మా దీవుల సంగతి మీకు తెలుసుగా, 2011 జనాభా లెక్కల్లో వందకి ఇరవై ఎనిమిది మంది బెంగాలీ, పదిహేను మంది తమిళం, పదమూడు మంది తెలుగు. వీధిలో అందరం హిందీలో తిట్టుకుంటాం, ఇంట్లోకొచ్చి ఎవరి భాషలో వాళ్లం అలుగుతాం. మా జట్టు గోల్‌కీపరు వేబీ ఊరి కరెన్ కుర్రాడు. వాళ్ల పెద్దలు 1925లో బర్మా నుంచి వచ్చారు. వాళ్లకి వేరే లిపి. అన్ని లిపుల్లోనూ రాస్తే చొక్కా మోకాళ్ల దాకా కుట్టించాలి. మూడు రాత్రులు, రెండు డజన్ల టీలు అయ్యాక అక్షరాలే వద్దన్నారు. బొమ్మ చాలన్నారు.

ఏ బొమ్మ? మా దీవుల అధికారిక జంతువు డ్యూగాంగ్, అంటే సముద్రపు ఆవు. నెమ్మదిగా గడ్డి మేసే సాత్విక ప్రాణి. దాన్ని గుండెల మీద పెట్టుకుని ఎవణ్ణి భయపెడతావురా అన్నాడు సెంటర్ ఫార్వర్డ్. మొసలి ఖాయమైంది. ఉప్పునీటి మొసలి మా క్రీకుల్లో నిజంగానే ఉంటుంది. బొమ్మ గీయడం ఎవరికీ రాదు గనక, క్రీకు గట్టున ఉన్న హెచ్చరిక బోర్డుని ఫోనులో ఫొటో తీసుకొచ్చారు. ఆ ఫొటో వాట్సాప్‌లో పదిమంది చేతులు మారింది. చేయి మారినప్పుడల్లా మొసలి కాస్త చిక్కింది. చివరికి పళ్లు పోయాయి, తోక పొట్టయింది. మొదటి మ్యాచిలోనే అవతలి జట్టు “ఛిప్‌కలీ, ఛిప్‌కలీ” అని అరిచింది. నన్నడిగితే బల్లి అనడం మర్యాదే.

ఇక రంగు. ఇక్కడే నా కొంప మునిగింది.

పక్కింటి బెంగాలీ దాదా తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల సంతతి. ఎరుపు, బంగారు రంగు తప్ప ఇంకోటి వినడు. ఆ రంగులు ఈస్ట్ బెంగాల్ క్లబ్బువి. 1920లో క్లబ్బు పెట్టినప్పుడు చౌరంగీలో ఓ దొరల కొట్లో వేలాడుతున్న చొక్కా చూసి తీసుకున్నారని కథ. ఎదురింటాయన ఆకుపచ్చా మెరూనూ అన్నాడు. అది మోహన్ బగాన్, 1889 నాటిది. వీళ్లిద్దరూ మా వరండాలో కూర్చుని కలకత్తా డెర్బీ ఆడేశారు. మన తెలుగు పిల్లలు సన్‌రైజర్స్ నారింజ అన్నారు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. “సముద్రం పక్కనున్నాం, నీలం పెట్టుకోండ్రా” అన్నాను. అందరూ నా వంక మెచ్చుకోలుగా చూశారు. జీవితంలో అలాంటి చూపులు రెండుసార్లే చూశాను. మొదటిసారి పెళ్లిచూపుల్లో.

ఏ నీలం? కర్మాటాంగ్ దగ్గర సముద్రం పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఇంకోటి, వానాకాలంలో కడుగు నీళ్లు. ఒకే ఫొటో తీసి అయిదు ఫోన్లలో చూస్తే అయిదు నీలాలు. ఫోను తెర రంగుని వెలుగుతో చూపిస్తుంది, అచ్చువాడు సిరాతో వేస్తాడు, రెండూ ఒకటి కావు. అందుకే పెద్ద కంపెనీలవాళ్లు రంగుకో నంబరు పెట్టుకుని, ఆ నంబరు చెప్పే కొంటారు. మా కార్యదర్శికి ఇంత బుద్ధి లేదు. నా గోడ మీద ఆరు రకాల నీలం డబ్బాలు పూసి చూశాడు. దారిన పోయేవాళ్లు ఈ ఇల్లు అద్దెకిస్తారా అని అడుగుతున్నారు.

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. దండెం మీద ఆరుతున్న నా లుంగీ లాగి, “ఇదిగో, ఇలాంటిది చాలదూ?” అంది. క్షణం నిశ్శబ్దం. తర్వాత కత్తెర శబ్దం. నేను వీధి చివర ఉన్నాను.

బెత్తెడు ముక్క కోశారు. అదీ అంచున కాదు, సరిగ్గా ముందు మధ్యలో. ఆ ముక్క కవర్లో పెట్టి విశాఖపట్నంలో ఉన్న మా బావమరిదికి పంపారు. చొక్కాలు అక్కడ అచ్చయి, ఓడలో మూడు రోజులు ఊగి, శ్రీవిజయపురంలో దిగి (మా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే), జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ కోసం ఆగి, దాదాపు 240 కిలోమీటర్ల రోడ్డు దుమ్ము తిని వచ్చాయి. విప్పి చూస్తే పదకొండు లుంగీలు మైదానంలోకి దిగడానికి సిద్ధంగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, రంగు అచ్చం దిగింది.

కథ అక్కడితో ఆగితే ఈ ఫిర్యాదు రాసేవాణ్ణి కాను. నాలుగు నెలలకి రిజర్వు ఆటగాళ్లకి ఇంకో ఆరు చొక్కాలు కావలసొచ్చాయి. మళ్లీ నమూనా, మళ్లీ కత్తెర. ఈలోగా మిగిలిన లుంగీని మా ఆవిడ పదిహేనుసార్లు ఉతికింది, మా ఎండలో ఆరేసింది. రెండో విడత ఒక మెట్టు వెలిసిపోయి వచ్చింది. జట్టు నిలబడితే సముద్రమూ, దానికి విరేచనాలు పట్టిన తమ్ముడూ నిలబడినట్టుంది.

వెలిసిపోవడం తక్కువ సంగతేం కాదు. ఇటలీలో జువెంటస్ జట్టు మొదట గులాబీ రంగు చొక్కాల్లో ఆడేది. ఉతికిన కొద్దీ పాలిపోతుంటే విసిగి, 1903లో ఇంగ్లండు నుంచి కొత్తవి తెప్పించారు. వచ్చినవి నాట్స్ కౌంటీ జట్టు నలుపు తెలుపు చారలవి. అవే ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే రంగులు. ఇది చదివి మావాడికి చెప్పాను, ఉతికి ఉతికి తెల్లబడనివ్వరా, అదే మీ బ్రాండ్ అవుతుందని. వాడికి హాస్యం తెలీదు. దానికి మా ఆవిడ పోలిక.

పైగా వాడు నాకే పాఠం చెప్పాడు. ఫ్రాన్సులో ఓ లోహపు దిమ్మ ఉండేదట, ప్రపంచపు కిలో అదే. దాన్ని గాజు గంటల కింద దాచి ఉంచేవారట. దాని నకళ్లతో పోలిస్తే తేడా వస్తోందని తేలిందట. 2019లో దాన్ని వదిలేసి కిలోకి వేరే లెక్క పెట్టుకున్నారట. “అందుకని నమూనాని ముట్టుకోకూడదు నాన్నా” అన్నాడు. నా లుంగీ ప్రపంచపు కిలో సరసన చేరినందుకు గర్వపడాలో, కట్టుకోడానికి గుడ్డ లేనందుకు ఏడవాలో తేలలేదు.

ఇప్పుడా లుంగీ, ముందు రెండు కన్నాలతో, నాఫ్తలీన్ ఉండల మధ్య ట్రంకుపెట్టెలో ఉంది. తాళంచెవి మా ఆవిడ కొంగున. పెట్టె మీద కార్యదర్శి చీటీ అంటించాడు, ‘ఉతకరాదు, కట్టరాదు’ అని.

మొన్న ఆదివారం మిగిలిన ఎర్ర లుంగీ కట్టుకుని చేపలకెళ్లాను. అవతలి జట్టు రంగు ఎరుపని నాకేం తెలుసు? బజారులో అడుగడుగునా, “ఏటి బావూ, ఆళ్లకి అమ్ముడైపోనావా?” అని పరామర్శ. ఇంటికొచ్చేసరికి మావాడు నాతో మాట్లాడ్డం మానేశాడు. చేపలు మాత్రం తిన్నాడు.